మీగడ రంగు సీట్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో అన్నం గురించి కంటే దుమ్ము గురించే ఎక్కువ మాట్లాడుకున్నాం. పొద్దున లేస్తే దుమ్ము, మంచం ఎక్కబోతే దుమ్ము, నడుమ ఆ దుమ్మును పీల్చే మిషన్. ఇప్పుడు తలుచుకున్నా నాకు రోత పుడుతుంది. ఆ మిషన్ పాపం ఏం చేసింది, దాని పని అది చేసింది. నాకు రోత పుట్టేది మా ముఖాలు తలుచుకుంటేనే.

మార్చి చివర్లో మా ఆయన జగదీశ్వర్ హైదరాబాద్ పోయి ఒక పాత కారు తెచ్చాడు. పైన తెలుపు, లోపల సీట్లు మీగడ రంగు. ఎవరో సాఫ్ట్‌వేర్ అతను వాడిన బండట, లోపల ఒక్క మరక లేదు. గోదావరిఖనిలో కాపురం ఉన్నవాడు ఎవడైనా మీగడ రంగు సీట్లు కొంటాడా? మా ఇంటి వెనక తీగ మీద తెల్ల చొక్కా ఆరేస్తే సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. మధ్యాహ్నం ఓసీపీలో, అదే ఓపెన్‌కాస్ట్ బొగ్గుగనిలో, బ్లాస్టింగ్ జరిగితే గ్లాసులో నీళ్లు వణుకుతాయి, తర్వాత పావుగంటకు కిటికీ చెక్క మీద వేలితో పేరు రాసుకోవచ్చు. రోజూ ఆ ఓసీపీలోనే డంపర్ నడిపే మనిషికి ఈ సంగతి తెలియదా? తెలుసు. కానీ కారు తలుపు తీసి లోపలికి తల పెట్టిన నిమిషంలోనే మతి పోయిందట. నా చేత కూడా తల పెట్టించి వాసన చూడమన్నాడు.

"బొగ్గు వాసన లేదు చూడు. మనింట్ల గింత తెల్లటిది ఏమన్న ఉన్నదా?"

లేదు, నిజమే. ఆ పూట నాకూ సంతోషమే అనిపించింది.

మా క్వార్టర్ల సందులో కారు పట్టదు. కాలనీ నీళ్ల ట్యాంకు దగ్గర వేపచెట్టు కింద పెట్టి, దాని మీద కవరు కప్పి, కవరు మీద ఒక పాత చీర కూడా కప్పేవాడు. చీర నాది. మొదటి షిఫ్టు మూడింటికి అయిపోతుంది. షిఫ్టు దిగినవాడు తిన్నగా ఇంటికి రాడు. ట్యాంకు దగ్గరికి పోయి, బూట్లు మాత్రం బయట విప్పి, డ్యూటీ బట్టలతోనే డ్రైవర్ సీట్లో కూర్చుని, ఐదు నిమిషాలు ఏసీ పెట్టుకుని, స్టీరింగ్‌ను తుడుచుకుని మురిసిపోయి, అప్పుడు ఇంటికి వచ్చి స్నానం చేసేవాడు. నేను అన్నం వేడి చేసి పెట్టుకుని, ఆకలికి ఆయన్ని తిట్టుకుంటూ కూర్చునేదాన్ని. అంతకు మించి అందులో తప్పేముందో నాకూ తట్టలేదు.

కారు కొన్నది బాపు కోసమని మా ఆయన అందరికీ చెప్పుకున్నాడు. బాపు అంటే మా మామ సదయ్య. ఇరవై ఎనిమిదేళ్లు బెల్లంపల్లిలో బొగ్గుబాయి దిగిన మనిషి. ఏడేళ్ల కింద మెడికల్ బోర్డు ఆయన ఛాతీ చూసి, ఇక ఈయన పనికి పనికిరాడని రాసింది. మా దగ్గర దాన్ని అన్‌ఫిట్ కావడం అంటారు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుకును పనిలోకి తీసుకుంటారు. మా ఆయన ఉద్యోగం అలా వచ్చిందే. క్వార్టరు, భావ్య చదువు, ఈ కారు, అన్నీ మామ దగ్గులోంచి వచ్చినవే. అత్త పోయాక ఆయన కూడా మా దగ్గరికే వచ్చేశాడు.

అదే రోజు అదే బోర్డు ముందు నర్సింగం కూడా నిలబడ్డాడు. మామ, ఆయన ఒకే బాయిలో ఒకే బొగ్గు టబ్బు నింపినవాళ్లు. పీల్చిన మసి ఒకటే, దగ్గే దగ్గు ఒకటే. మామ అన్‌ఫిట్ అయ్యాడు, నర్సింగం ఫిట్ అయ్యాడు. ఫిట్ అయిన పాపానికి ఇంకో మూడేళ్లు బాయి దిగి రిటైరయ్యాడు. ఆయన కొడుక్కి ఉద్యోగం లేదు, మంచిర్యాలలో ఏదో హోటల్లో పనిచేస్తాడు. మామ ఈ సంగతి ఎప్పుడు చెప్పినా, పక్కవాడి విస్తట్లోది తాను తిన్నట్టు గొంతు తగ్గించి చెప్పేవాడు.

ఆ ఏడాది బెల్లంపల్లిలో నర్సింగం మంచం పట్టాడు. మేం కారు కొన్నామని విని ఫోన్ చేశాడు. మామకు చెవి సరిగా వినబడదు, స్పీకర్ పెట్టుకునే మాట్లాడతాడు, కాబట్టి ఇంట్లో అందరం విన్నాం.

"బావా, నీ కొడుకు కారుల నన్నొక్కసారి మన బాయి కాడికి తీస్కపో. మూసినంక మల్ల చూడలే."

"తప్పకుండ వస్త బావ. కారుల్నే వస్త," అన్నాడు మామ.

ఆ మాట ఇచ్చాక ఆయన నడకే మారిపోయింది. నర్సింగానికి దక్కనిదాంట్లో ఒక్క పూట వాటా ఇవ్వగలిగితే చాలని ఆయన ఆశ. ఇంకేమీ అడగలేదు మమ్మల్ని.

ఏప్రిల్ మొదటి ఆదివారం బెల్లంపల్లికి బయలుదేరాం. మా అమ్మాయి భావ్యకు వెనక కూర్చుంటే కడుపులో తిప్పుతుందని ముందు కూర్చుంది. వెనక నేను, మామ. ఉతికిన ధోతి కట్టుకుని వచ్చాడు. ఎక్కేముందు చెప్పులు విప్పి ఒకదానికొకటి కొట్టి దులిపాడు. భుజం మీది తువ్వాల తీసి సీటు మీద పరిచి, దాని మీద కూర్చున్నాడు. వద్దని మా ఆయన అనలేదు, అద్దంలోంచి చూసి ఊరుకున్నాడు. మామ చేతిలో బెల్లం పొట్లం ఉంది. షిఫ్టు దిగి పైకి వచ్చాక గొంతులో మసి దిగిపోవాలని బెల్లం తినడం బాయి పనివాళ్ల అలవాటు. మామ, నర్సింగం ఆ ఇరవై ఎనిమిదేళ్లూ ఒక్క గడ్డనే చెరిసగం విరుచుకుని తిన్నారు. ఇప్పటికీ మామ జేబులో బెల్లం ముక్క లేని రోజు ఉండదు.

గోదావరి బ్రిడ్జి దాటి ఇందారం వచ్చేసరికి ఏసీ చల్లదనానికి ఆయనకు దగ్గు ఎత్తుకుంది. నోట్లో బెల్లం ఉంది. తువ్వాల అందుకుందామంటే దాని మీదే కూర్చున్నాడాయె. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వేళ్ల సందుల్లోంచి కారింది. కరిగిన బెల్లం, నల్లటి కళ్లె కలిసి సీటు మీద పడ్డాయి. పొట్లం ఒళ్లోంచి జారి విడిపోయి బెల్లం పలుకులు సీటు సందులోకి దొర్లాయి.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి, లేకపోతే ఈ కథంతా మా ఆయన మీద చాడీ అవుతుంది. నేను చీర కొంగును గబుక్కున ఒళ్లోకి లాక్కుని అవతలి తలుపు వైపు జరిగాను. ఆయన వీపు నిమరలేదు. కాళ్ల దగ్గరున్న నీళ్ల సీసా అందించలేదు. నాకు అసహ్యం వేసింది, అంతే. తిన్న అన్నం, కట్టుకున్న చీర, కూర్చున్న కారు ఎక్కడివో ఒక్కటీ గుర్తు రాలేదు. మామ దగ్గులో ఉన్నాడు కదా, నన్ను చూసి ఉండడులే అనుకున్నాను.

మా ఆయన కారు పక్కకు తీసి ఆపాడు. తండ్రిని మెల్లగా దించి తుమ్మచెట్టు కింద కూర్చోబెట్టాడు. ఆ తర్వాత సీటు మీద పడ్డాడు. మేం తాగడానికి తెచ్చుకున్న మూడు సీసాల నీళ్లూ సీటుకే పోశాడు. భావ్య మెడలోని చున్నీతో తుడిచాడు. మామ నోరు పుక్కిలించుకోవడానికి నీళ్లు అడిగితే ఒక్క గుక్క మిగల్లేదు. రోడ్డు పక్క కల్లు అమ్మే అతని దగ్గర అడుక్కొచ్చి ఇచ్చాను.

కాసేపటికి మామ తేరుకుని, ధోతి దులుపుకుని లేచాడు.

"నాకేం కాలే బిడ్డ. పోదాం పా. నర్సింగం ఎదురుచూస్తుంటడు."

"సీటు ఆరాలె బాపు," అన్నాడు మా ఆయన. "గిట్లనే కూసుంటే మరక వడ్తది."

కారు తిప్పి ఇంటికి తెచ్చాడు. దారి పొడుగునా మామ ఆ తడి సీటుకు తగలకుండా, ముందు సీటు వీపు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు.

మూడో రోజుకు కారులో చీమలు పట్టాయి. మీగడ రంగు సీటు మీద నల్లచీమల బారు చూసి మా ఆయన ముఖం పాలిపోయింది. చీపురు సీటు సందుల్లోకి పోదు, బ్రష్‌తో గీకితే బట్ట లేస్తుంది. ఏం చేయాలని ఏరియా ఆఫీసులో క్లర్కు త్రివిక్రమ్‌ను అడిగాడు. ఆయన మంథని మనిషి. మాటలో మర్యాద, కారులో మల్లెపూల వాసన. కాలనీలో ఎవరు ఏ వస్తువు కొనాలన్నా ఆయన్ని అడిగే కొంటారు. మీకు వ్యాక్యూమ్ క్లీనర్ కావాలి, మీ బండి దగ్గర ప్లగ్ పాయింట్ లేదు కాబట్టి వైరు లేనిది, బ్యాటరీది కావాలి అని ఆయన తేల్చాడు.

"వాట్లు చూసి మోసపోకండి జగదీశ్వర్ గారూ. పీల్చే బలం చూడండి. అది పాస్కల్స్‌లో ఉంటుంది."

ఆ పాస్కల్ ఎవరో నాకు తెలియదు గానీ ఆ ఎండాకాలమంతా మా ఇంట్లోనే కాపురమున్నాడు. ముద్ద నోట్లో పెట్టుకుంటూ ఒక వీడియో, చెయ్యి కడుక్కుంటూ ఒక వీడియో. అమెరికావాడు తన కారులో ఉప్పు చల్లి పీల్చి చూపిస్తాడు, ఢిల్లీవాడు బియ్యం చల్లి చూపిస్తాడు. ఒకదానికి బలముంటే బ్యాటరీ ఉండదు. బ్యాటరీ ఉంటే బరువు. బరువు తక్కువైతే డబ్బా చిన్నది. సందుల్లోకి పోయే సన్నమూతి ఒకదానికి ఉంటే, బ్రష్ మూతి ఇంకోదానికి. భావ్య చేత కాగితం మీద గడులు గీయించి అన్నీ రాయించాడు. తండ్రి వేసుకునే మందుల పేర్లు మాత్రం ఈ రోజుకూ ఆయనకు తెలియవు, నేనే తేవాలి.

మొదట తెప్పించింది చేతిలో బొమ్మలా ఉంది. మీట నొక్కితే ముందు నుంచి పీల్చిన దుమ్మును వెనక నుంచి ఆయన ముఖం మీదే ఊదింది. వాపస్ పంపాడు. రెండోది బాగానే మొదలుపెట్టి, ఒక సీటు కూడా పూర్తి కాకముందే చల్లబడింది. దాన్నీ పంపాడు. రావడానికి వారం, పోవడానికి వారం. ఏప్రిల్ అలా గడిచిపోయింది.

బెల్లంపల్లి నుంచి రెండు రోజులకోసారి ఫోన్ వచ్చేది. మామ ముందుగదిలో మంచం మీద, నేను వంటింట్లో. వినకూడదనుకున్నా వినబడేది.

"ఎప్పుడు వస్తున్నవ్ బావ?"

"మిషిన్ రావాల్నట."

"ఏం మిషిను?"

"కారు ఊడ్సే మిషిను."

"మీ ఇంట్ల చీపురు లేదా?"

ఇద్దరూ నవ్వేవాళ్లు. నవ్వితే దగ్గు వచ్చేది. ఇటు ఈయన దగ్గు, ఫోన్లో ఆయన దగ్గు, ఏది ఎవరిదో తెలిసేది కాదు. నవ్వేవాళ్లు నవ్వుతున్నా నాకు చేతిలో గరిటె విసిరికొట్టాలనిపించేది. విసరలేదు లెండి, పప్పు కలుపుకుంటూ నిలబడ్డాను. మే వచ్చేసరికి నర్సింగం మాటలు తగ్గాయి. ఫోన్ ఆయన భార్య ఐలవ్వ చేసి, ఆయన చెవి దగ్గర పెట్టేది. అటు నుంచి ఊపిరి గురగుర ఒక్కటే వినిపించేది. మామ ఇటు నుంచి కాలనీ ముచ్చట్లు చెప్పుకుంటూ పోయేవాడు, చివర్లో వస్తున్న బావ, జల్దినే వస్తున్న అని పెట్టేసేవాడు.

ఒక రోజు ఉండబట్టలేక మామతో నేనే అన్నాను, మనిద్దరం బస్సులో పోయి వద్దాం అని. ఆయన ఒప్పుకోలేదు. ఎండకు భయపడి కాదు.

"ఆయన నన్ను సూడనీకి పిలుస్తలేడు బిడ్డ. కారుల కూసుంట అన్నడు. ఒట్టి చేతుల్తోటి ఎట్ల పోవాలె?"

సాయంత్రం మా ఆయన్ని పట్టుకున్నాను. బాపును ఎప్పుడు తీసుకుపోతావని అడిగాను.

"మిషిన్ రానియ్యి జమునా. తొవ్వల మల్ల దగ్గిండనుకో, ఎమ్మటే గుంజి పారెయ్యొచ్చు," అన్నాడు.

ఎంత మామూలుగా అన్నాడో. కోపంగా అని ఉంటే గొడవ పెట్టుకునేదాన్ని, చెడ్డవాడైతే తిట్టిపోసేదాన్ని. తండ్రికి రోజూ రాత్రి కాళ్లు పిసికే మనిషి ఆయన. ఆ మాట విన్నాక ఆ పూట ఆయనకు అన్నం వడ్డించడానికి నాకు చెయ్యి రాలేదు, గిన్నెలు ముందు పెట్టి లోపలికి వచ్చేశాను.

ఆన్‌లైన్ మీద నమ్మకం పోయి, మే మూడో వారంలో లక్ష్మీనగర్‌లో ఒక దుకాణానికి నన్ను కూడా తీసుకుపోయాడు. అంజి అనే కుర్ర సేల్స్‌మన్ మూడు మిషన్లు బల్ల మీద పేర్చి, గోధుమపిండి చల్లి ఒక్కొక్కదానితో పీల్చి చూపించాడు. మూడూ పిండిని శుభ్రంగా మింగాయి. మా ఆయన తల అడ్డంగా ఊపి జేబులోంచి ఒక కాగితం పొట్లం తీశాడు. ఓసీపీ నుంచి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని తెచ్చిన బొగ్గుపొడి. అంజి వద్దు వద్దంటున్నా వినకుండా దుకాణం గుమ్మంలో ఉన్న కాళ్లపట్టా మీద చల్లి, బూటుతో బాగా తొక్కి, ఇప్పుడు గుంజు చూద్దాం అన్నాడు. గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమానురాలు సారక్క లేచి వచ్చింది. మీ ఇంటి మసి మాకెందుకు తెచ్చిపోశావని అందరి ముందూ కడిగేసింది. సిగ్గుతో నేను ఫ్యాన్ల వైపు తిరిగి నిలబడ్డాను. మా ఆయనకు సిగ్గు లేదు. రెండు మిషన్లు పైపైన పీల్చాయి. మూడోది మాత్రం పట్టా అడుగున ఉన్న మసిని కూడా లాగింది. దాని గాజులాంటి డబ్బా నల్లగా నిండింది. ఆయన ముఖం వెలిగింది.

దీనికి హెపా ఫిల్టర్ కూడా ఉందన్నా, సన్నధూళి ఊపిరితిత్తుల్లోకి పోకుండా ఆపుతుంది అని అంజి చెప్పాడు. ఇరవై ఎనిమిదేళ్లు సన్నధూళి మింగినవాడు ఇంట్లో మంచం మీద ఉన్నాడు, ఫిల్టరేమో కారుకు కొంటున్నాం. ఈ మాట నోటిదాకా వచ్చింది. అయితే ఇది కొనేస్తే బెల్లంపల్లి పోవచ్చు కదా అని మింగేశాను.

తీరా చూస్తే అది దుకాణంలో చూపించడానికి పెట్టిన ఒకే ఒక్క పీసు. కొత్తది కరీంనగర్ నుంచి రావాలి. పదిహేను రోజులు పట్టింది.

జూన్ మొదటి వారంలో, గురువారం వచ్చింది. నాలుగు గంటలు ఛార్జి పెట్టాలని కాగితంలో రాసి ఉంటే ఆరు గంటలు పెట్టాడు. ఆదివారం పొద్దున కారు ఊడ్చుకుని ఎనిమిదింటికి బయలుదేరాలని నిర్ణయం. మామ శుక్రవారమే క్షవరం చేయించుకున్నాడు. బజారుకు పోయి కొత్త బెల్లం తెచ్చి, ఈసారి విడిపోకుండా గుడ్డలో గట్టిగా మూట కట్టుకున్నాడు. ఐలవ్వకు ఫోన్ చేసి, ఆయనకు తెల్ల అంగీ తొడిగి ఉంచమని చెప్పాడు.

శనివారం పొద్దున ఆరింటికి ఐలవ్వ ఫోన్ చేసింది. స్పీకర్లో ఆమె ఏడుపు మాత్రమే వినబడింది. మామ మంచం మీద నుంచి లేచాడు. వస్తున్న చెల్లె, అని ఫోన్ పెట్టేశాడు. గూట్లో ఉన్న బెల్లం మూట తీసి అంగీ జేబులో వేసుకున్నాడు, చెప్పుల కోసం గుమ్మం వైపు చూశాడు.

మా ఆయన డ్యూటీకి బయలుదేరుతున్నవాడల్లా ఆగిపోయాడు. మేకుకు వేలాడుతున్న కారు తాళం తీశాడు.

"కారు తీస్త బాపు. ఇప్పుడే పోదాం."

"వద్దు బిడ్డ," అన్నాడు మామ. "సావింటికి పోయొచ్చిన బండి మల్ల కడగాలె. గిన్ని రోజులు తిప్పల వడి మంచిగ చేస్కున్నవ్. నేను బస్సుల పోత."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటే బాగుండేది. వెతికినా లేదు. మా దగ్గర చావింటికి పోయి వస్తే మనుషులు స్నానం చేస్తారు, బట్టలు తడుపుతారు, బండి మీద నీళ్లు పోస్తారు. ఆయన ఉన్న సంగతే చెప్పాడు. నిజంగానే కొడుకు సీట్ల గురించి ఆలోచించాడు. మా ఆయన తాళం చేతిలో పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. నేనూ వస్తానంటే, పిల్లకు అన్నం పెట్టేదెవరని మామ ఆపాడు. షేర్ ఆటోలో బస్టాండు దాకా పోయి, మంచిర్యాల బస్సు ఎక్కించాను. నిలబడ్డ జనంలో ఆయన తువ్వాల మాత్రం కనిపించింది.

ఆ రోజు మా ఆయన డ్యూటీకి పోలేదు. అన్నం తినలేదు. పదింటికి మిషన్ తీసుకుని ట్యాంకు దగ్గరికి పోయాడు. ఇంత జరిగాక కూడా దుమ్మేనా అని ఒళ్లు మండి, నాలుగు మాటలు అనాలనే వెనకాల పోయాను.

ఆయన వెనక సీటుతో మొదలుపెట్టాడు, మామ కూర్చున్న వైపు. సన్నమూతి పెట్టి సందులన్నీ పీల్చాడు. డబ్బాలోకి నాలుగు బెల్లం పలుకులు, ఎండిన చీమలు వచ్చాయి. అంతే. మళ్లీ పీల్చాడు, ఇంకేం రాలేదు. నేను కూర్చున్న వైపు జుట్టుపిన్ను ఒకటి, భావ్య తిన్న చిప్స్ ముక్కలు. తర్వాత డ్రైవర్ సీటు మీద పెట్టాడు. మిషన్ మోత మారింది. చూస్తుండగానే డబ్బా నల్లగా నిండిపోయింది. చెట్టు మొదట్లో గుమ్మరించి వచ్చి మళ్లీ పెట్టాడు. మళ్లీ నిండింది. సీటు వీపు, కూర్చునే చోటు, కాళ్ల కింద పట్టా, ఎక్కడ పెడితే అక్కడ మసి. దారంలోకి, కుట్టులోకి దిగిపోయిన మసి.

రెండు నెలలు రోజూ మూడింటికి వచ్చి డ్యూటీ బట్టలతో కూర్చున్నది ఎవరు? మామ బాయి దిగడం మానేసి ఏడేళ్లయింది. ఆయన ఒంటి మీద మసి లేదు, ఉన్నదంతా లోపలే ఉంది. ఆయన ఆ కారులో కూర్చున్నది ఒకే ఒక్కసారి, అదీ తువ్వాల మీద.

మా ఆయన డబ్బాను రెండు చేతులతో పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

"గిదంత నాదేనా?" అన్నాడు.

"నీదే," అన్నాను.

అనాలనుకున్న నాలుగు మాటల్లో అదొక్కటే అన్నాను. వెనక సీటు మీద బెల్లం మరక గోధుమ రంగులో అలాగే ఉండిపోయింది. దాని మీద మూతి పెట్టి చాలాసేపు నొక్కిపట్టాడు, బ్యాటరీ అయిపోయి ఆగిపోయేదాకా. మరక రాలేదు.

మామ సాయంత్రం తిరిగివచ్చాడు. బయటే నీళ్లు పోసుకుని, బట్టలు మార్చుకుని మంచం మీద కూర్చున్నాడు. నేను టీ ఇస్తే తాగి, జేబులోంచి మూట తీసి విప్పాడు. బెల్లం సగమే ఉంది. తక్కింది ఆయన చేతిల పెట్టొచ్చిన అన్నాడు. కొడుకు ఎదురుగా నేల మీద కూర్చుని ఉన్నాడు. మామ ఆ సగంలోంచి ఒక ముక్క విరిచి కొడుక్కి ఇచ్చాడు, డ్యూటీ చేసినోడు తినాలె అని. ఆ రోజు డ్యూటీకి పోలేదన్న మాట ఎవరమూ చెప్పలేదు. మా ఆయన ఆ ముక్కను నోట్లో పెట్టుకుని అక్కడి నుంచి లేచి బయటికి పోయాడు.

సోమవారం నుంచి ఆయన షిఫ్టు దిగి నేరుగా ఇంటికే వచ్చేవాడు. మిషన్ అల్మారా మీదికి చేరింది. కారు మీద కప్పే నా చీర ఎప్పుడు గాలికి ఎగిరిపోయిందో ఎవరూ చూడలేదు. ఓసారి వాన తగిలి, తెల్ల కారు చారలు చారలుగా నల్లబడింది.

పదో రోజు దినాలకు పోవాలి. బాపు, కారుల పోదాం అని మా ఆయన తల వంచుకుని అడిగాడు. మామ సరేనన్నాడు, కొడుకు మాట తీసేయడం ఆయనకు చేతకాదు. ముందు కూర్చోమంటే మాత్రం కూర్చోలేదు. చెప్పులు విప్పి దులుపుకుని వెనకే ఎక్కాడు. ఈసారి తువ్వాల పరుచుకోలేదు. నోటికి అందేలా చేతిలో పట్టుకున్నాడు. ఏసీ వేయకుండా అద్దాలు దించమన్నాడు మా ఆయన భావ్యతో.

నేను మామ పక్కనే కూర్చున్నాను. ఇంట్లో అనుకునే బయలుదేరాను కాబట్టి, కొంగును ఒళ్లోకి తీసుకోకుండా మా ఇద్దరి మధ్య సీటు మీద వదిలేశాను. అందులో ఏముంది, చూస్తే చూస్తాడు, లేకపోతే లేదు అనుకున్నాను. బ్రిడ్జి దాటాం. ఇందారం దగ్గరకు వచ్చేసరికి ఆయనకు గొంతులో గరగర మొదలైంది. తువ్వాల నోటి దగ్గరికి తీసుకోబోతూ ఆగాడు. నా కొంగు చూశాడు. రెండు వేళ్లతో దాని అంచు పట్టుకుని, జాగ్రత్తగా మడిచి నా ఒళ్లో పెట్టాడు.

"ఖరాబైతది బిడ్డ," అన్నాడు.

అని, తలుపు వైపుకు ఇంకొంచెం జరిగి, కిటికీలోకి తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు.